ఒంటికాలి మీద దిగిన సర్వీసు

మొన్న కోరుట్లలో మనవరాలి వాలీబాల్ ఆట చూడబోయి గుండె జారిపోయినంత పనైంది నాకు. పిల్ల పరుగెత్తి, గాల్లోకి లేచి సర్వీసు కొట్టిన తీరుకు అందరూ చప్పట్లు కొడుతుంటే, నేను మాత్రం దాని కాళ్లనే చూస్తున్నాను. రెండు కాళ్ల మీద దిగాల్సింది, ఎడమకాలి మీదే దిగింది, మోకాలు లోపలికి వంగింది. అచ్చం మా అన్నలాగే.

మీ ఊళ్లోనూ ఆ రోజుల్లో ఒక జట్టు ఉండే ఉంటుంది. మల్యాల దగ్గరి మా ఊరి జట్టుకు మా అన్నే ప్రాణం. నేను పొట్టివాణ్ణి, దిట్టమైన కాళ్లవాణ్ణి, నేల విడవకుండా కొడితే బంతి ఎలాగో వల దాటేది. అన్న మాత్రం ద్వారబంధం తలకు తగిలేంత ఎత్తు, పిక్కలు సన్నం. ఎగిరి కొడితే బంతి ఎవరి చేతుల్లోనూ నిలిచేది కాదు గానీ, దిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీదే పడేది. ఒకప్పుడు బాగా ఆడిన మేనమామ అది కనిపెట్టి, "రెండు కాళ్ల మీద దిగురా, గిట్ల దిగితే గా మోకాలు ఒకనాడు నిన్ను ఇడిచిపెడ్తది" అని చెప్పి చెప్పి విసిగిపోయాడు. అన్న నవ్వేసేవాడు.

అన్నకు దుబాయి వీసా వచ్చిన ఏడు, దసరా పోటీలకు సిరిసిల్ల పోవద్దని అమ్మ ఎంత బతిమాలిందో! వింటేనా? ఆఖరి పాయింటు అన్న సర్వీసుతోనే వచ్చింది. బంతి అవతలి మూలన పడింది, అందరి కళ్లూ అటే ఉన్నాయి, అన్న ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. గెలిపించినవాణ్ణి భుజాలకెత్తుకుని డప్పులతో మైదానమంతా తిప్పడం మా ఆనవాయితీ కనుక, కూలబడ్డ అన్నను మావాళ్లు అలాగే ఎత్తుకున్నారు. నోరు తెరిచి ఏడుస్తుంటే సంతోషమనుకున్నాం. ఆ మోతలో అతని అరుపు ఎవరికీ వినబడలేదు. వేలాడుతున్న కాలు పక్కకు తిరిగిపోయిందని డప్పులు ఆగాకే చూశాం. అన్న దుబాయి పోలేదు, మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు.

మొన్న కోరుట్లలో అన్న కర్ర పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఆట అయ్యాక మనవరాలిని పిలిచి, రెండు కాళ్ల మీద దిగమని మెల్లగా చెప్పాడు.

"నాకేం గాదు తాతా, మంచి బూట్లున్నయ్" అని నవ్వింది. అది అన్న నవ్వే.

మనకు మట్టి నేల, ఉత్త కాళ్లు. వీళ్లకు బూట్లున్నాయి, ఎలా ఎగిరారో చూసుకోవడానికి ఫోన్లున్నాయి. డప్పులు పోయి డీజేలు వచ్చాయి, పక్కమనిషి మాట కూడా వినబడని కాలం ఇది. ఎల్లుండి జగిత్యాలలో ఫైనలట. గెలిస్తే పిల్లల్ని ఎత్తుకుని ఊరేగించడానికి డీజేను ఇప్పటికే మాట్లాడారట. ఆ సంగతి విన్నప్పటినుంచి అన్న ముద్ద నోట పెట్టడం లేదు.