సగం తెగిన వక్క

మా మావయ్య గారు గత నెల మచిలీపట్నంలో, మా ఇంట్లోనే కన్నుమూశారని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఆయనతో పాటే మా కుటుంబానికి ఉన్న యావత్తు శ్రోతృబృందమూ గతించింది.

విషయం విశదీకరించాలి. మా ఇంట్లో అందరూ విద్వాంసులే. నాన్న ఫిడేలు, బాబాయి మృదంగం, మేనత్త వీణ. నాకు ఊహ తెలిసేసరికే నా చేతికీ ఒక ఫిడేలు కమాను ఇచ్చారు. వాయించేవారితో కిక్కిరిసిన ఇంట్లో వినేవారి కొరత ఎంత తీవ్రంగా ఉంటుందో బయటివారికి తెలియదు. ఒకరు వాయిస్తుంటే మిగతావారు వింటున్నట్టు కనిపిస్తారు గానీ, నిజానికి తమ వంతు కోసం కాచుకుని ఉంటారు. నేను పుట్టకముందే, మేనత్త పెళ్లితో ఈ ఖాళీ భర్తీ అయింది. మావయ్య ఘంటసాల దగ్గర వరి పండించే కుటుంబంలో పుట్టి, బందరు కోర్టులో గుమాస్తాగా చేరి, మా ఇంటికి ఇల్లరికం వచ్చారు. ఆయనకు సంగీతం బొత్తిగా రాదు. ఇంటి మొత్తానికి ఆ అర్హత ఉన్నది ఆయనొక్కరికే.

సాయంత్రం కోర్టు నుంచి రాగానే వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని, అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ వినేవారు. భేష్ అనరు, తల ఊపరు. సంగీతం మామూలుగా ఉంటే టక్ టక్ మని వక్క తెగుతూనే ఉంటుంది. బాగుంటే అడకత్తెర ఆగుతుంది. ఆ ఆగడం కోసం మేం నలుగురం జీవితాలు ధారపోశాం.

“ఏవండీ, నా తోడి రాగం ఎలా ఉంది?” అని ఒకసారి అత్తయ్య అడిగింది.

“ఎండిన వక్కే గానీ, బాగానే తెగిందోయ్” అన్నారు.

ఆ పూట మా ఎవరి చారులోనూ ఉప్పు లేదు.

నా పన్నెండో ఏట మొదటిసారి వర్ణం పూర్తిగా వాయించి, ఆయన ముందు నిలబడ్డాను.

“కోడలా, నీ వర్ణానికి పావుకిలో వక్క తెగింది. ఇంకో రెండు రోజులు వాయించావంటే సెంటర్లో కిళ్లీకొట్టు పెట్టేస్తా.”

తర్వాత నాకు రేడియోలో గ్రేడు వచ్చింది. గుడివాడలో శాలువా కప్పారు. వరండాలో టక్ టక్ యథావిధిగా కొనసాగింది.

కిందటి వానాకాలానికి ఆయన తిరుగుడు మంచానికీ పడక్కుర్చీకీ మధ్యకే పరిమితమైంది. కరెంటు లేని ఒక సాయంత్రం నేను సహాన రాగం అందుకున్నాను. కొంతసేపటికి ఏదో లోటుగా తోచింది. వరండాలో చప్పుడు లేదు. ఆపకుండా పూర్తిచేసి, పరుగున వెళ్లాను.

“మావయ్యా, అడకత్తెర ఆగిందేం?”

“ఆగదా మరి? వక్కలైపోయాయి.”

“డబ్బాలో ఉన్నాయిగా!”

“అవి రేపటికమ్మా.”

కోర్టు గుమాస్తా ఇచ్చిన తీర్పు మీద అప్పీలుకు ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య ఆ డబ్బా తెరిచింది. అడుగున, కాగితంలో పొట్లం కట్టి, సగం దాకా కత్తి దిగి ఆగిపోయిన వక్క ఒకటుంది. వెంటనే హక్కుదారులు బయల్దేరారు.

“అది నా కల్యాణి నాటిది. ఆగడం నేను కళ్లారా చూశాను” అన్నారు నాన్న.

“నీ కల్యాణికి బావ రెండు కాయలు ఎక్కువే కొట్టాడన్నయ్యా. అది నా మృదంగానికి ఆగింది” అన్నాడు బాబాయి.

నేను సహాన సంగతి విన్నవించుకున్నాను.

“మొగుడు నావాడు, వక్క నాది” అని అత్తయ్య విచారణ ముగించింది.

తర్వాత ఏమనుకుందో, వీణ వైపు వెళ్లలేదు. ఆయన పడక్కుర్చీలో కూర్చుని, పాత గాటులో కత్తి ఆనేటట్టు ఆ వక్కను అడకత్తెరలో పెట్టి, “ఏదీ, ఆ సహాన వాయించవే” అంది. ఇంకొకరి సంగీతం వినడానికి ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

వాయించాను. ఆ మర్నాడూ వాయించాను. ఇప్పుడు రోజూ సాయంత్రం వాయిస్తున్నాను. అత్తయ్య వేళ్లు అడకత్తెర మీదే ఉంటున్నాయి. వక్క ఇంకా తెగలేదు.