కిటికీ లేని గదిలో సూర్యుడి పాట

మా మావయ్యకి ఒకటే పిచ్చి. ఎదుటి మనిషిని మూడు ప్రశ్నలు అడగందే వదలడు. ఏం తిన్నారు? ఏం సినిమా చూశారు? సూర్యుడి మీద మీకిష్టమైన పాటేది? ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు కాబట్టి, దొరికినవాడికి పారిపోయే దారి కూడా ఉండదు.

ఎక్స్‌రే తీశాక ఫిల్ము పక్కగదిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తుంది. ఆవిడ చూసి చెప్పేదాకా, ఓ పావుగంట, పేషెంటు మావయ్య పాలు.

"సూర్యుడి మీద పాటా? దగ్గొస్తోంది నాయనా," అందొక ముసలమ్మ.

"దగ్గుతూనే పాడండమ్మా, తాళం కలిసొస్తుంది."

ఆవిడ నిజంగానే పాడింది. డాక్టరమ్మ తలుపు తీసి, "ఇది ఆసుపత్రా, రేడియో స్టేషనా?" అని కసిరింది. మావయ్య వినయంగా, "మీరేం తిన్నారు మేడమ్?" అన్నాడు.

ఇంతా చేసి ఆయన సినిమా హాలు గడప తొక్కి ఇరవయ్యేళ్లయింది. పేషెంట్లు చెప్పిన కథలన్నీ కలిపి అత్తయ్యకి ఒకే సినిమాగా చెప్తాడు. అందులో హీరో సగంలో చచ్చిపోయి, చివర్లో పెళ్లి చేసుకుంటాడు.

మొన్న, నెలరోజులుగా తగ్గని దగ్గుతో నేనే ఆ మిషన్ ముందు నిలబడ్డాను. మా నాన్న ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు. ఫిల్ము పక్కగదికి వెళ్లగానే ఆ తలుపుకేసే చూస్తూ కూచున్నాను.

"ఏం తిన్నావురా?" అన్నాడు మావయ్య.

ఒళ్లు మండింది. "పొద్దున మీ ఇంట్లో, మీ పక్కనే కూచుని తిన్నాను కదా!"

"అదేరా, ఏం తిన్నావని?"

"మాడిపోయిన రొట్టె!"

"మీ అత్తయ్యకి చెప్తానుండు. సరే, ఏం సినిమా చూశావు?"

తప్పేదేముంది, చెప్పాను. విలన్ బావిలో పడే దగ్గరికొచ్చేసరికి నాకే నవ్వాగలేదు. పాట కూడా ఎత్తుకున్నాను. రెండో చరణంలో డాక్టరమ్మ తల బయటపెట్టి, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గొంతుకే మందు లేదు," అంది.

అప్పుడు చూశాను. మావయ్య చొక్కా చెమటతో నా చొక్కా కన్నా ఎక్కువ తడిసిపోయింది.

"అందరినీ ఈ ప్రశ్నలు అడిగేది ఇందుకా మావయ్యా?"

"ఆ పావుగంట చాలా చెడ్డదిరా. మనిషిని ఊరికే కూచోబెట్టకూడదు."

"మరి సూర్యుడి పాటే ఎందుకు?"

ఆయన నాలుగు గోడలూ చూపించాడు. "కిటికీ పెట్టించమని పదిసార్లు అర్జీ ఇచ్చాను. ఒక్కడూ వినలేదు."