మా అత్తగారి మిరియాల చెంచా

మొన్న పొద్దున్న పూజ ముగించేసరికి పక్కింటి కోడలు వచ్చి, గొంతు నొప్పిగా ఉంది, కొండనాలుక జారినట్టుంది, మిరియాల పొడి ఉందా అని అడిగింది. డబ్బా అందుకోబోతూ, ఉమ్ము మింగగలుగుతున్నావా అని అడిగాను. కాఫీ కూడా తాగానని నవ్వింది. అప్పుడిచ్చాను పొడి. ఆ ప్రశ్న నాది కాదు, మా అత్తగారిది.

ఉక్కునగరం క్వార్టర్సులో మేము కాపురమున్న రోజుల్లో, ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చి మాతో ఉన్న అత్తగారికి మా వీధిలో మంచి పేరు. ఉప్పూ మిరియాల పొడీ చెంచా కొసకు అద్ది ఆవిడ కొండనాలుకను పైకి నొక్కితే ఎంతటి గొంతు నొప్పైనా పోతుందని జనం నమ్మకం. ఒకనాడు మావారు డ్యూటీ నుంచి జ్వరంతో వచ్చారు. మధ్యాహ్నానికి మంచినీళ్లు కూడా దిగలేదు. నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు మాట మారిపోయింది. మంచం అంచున ముందుకు వంగి, చేతులు మోకాళ్లకు ఆన్చి, ఉమ్ము మింగలేక తువ్వాలులోకి వదులుతూ కూర్చున్నారు.

"కొండనాలుకే. పడుకోరా, ఒక్క నొక్కు నొక్కేత్తాను," అంటూ అత్తగారు చెంచాతో వచ్చారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "మీసాలొచ్చినోడివి, మిరియాలకి బయపడతన్నావేటిరా?"

బడికి వెళ్లక మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకున్న నాకు వైద్యమేం తెలుసు? కానీ అత్తగారు వెనక్కి వాల్చబోతే ఆయన ఊపిరిలో సన్నని కూత వినిపించింది. "పడుకోబెట్టొద్దత్తా, కూకుంటేనే ఊపిరాడతంది," అన్నాను. ఆవిడ మాటకు అడ్డు చెప్పడం అదే మొదలు. అలా కూర్చోబెట్టే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరుగారు నాలుక నొక్కి చూడలేదు, పడుకోమనలేదు. ఆక్సిజన్ పెట్టించి, కూర్చున్నవారిని కూర్చున్నట్టే ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. మత్తు డాక్టరూ గొంతు డాక్టరూ కలిసి ఊపిరికి గొట్టం వేశారు. వాచింది కొండనాలుక కాదట, ఇంకా లోపల ఊపిరిగొట్టానికి మూతలా ఉండే చిన్న రేకట. చెంచాతో కెలికి ఉంటే దారి పూర్తిగా మూసుకుపోయేదేమో అన్నారు. సెలైన్లో మందులెక్కి, వాపు తగ్గి గొట్టం తీసేదాకా వరండాలో సింహాద్రి అప్పన్నను తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ తండ్రీ, ఆ డాక్టర్లూ నాకు ఒక్కటే.

అత్తగారు చెంచా పారేయలేదు. కాకపోతే ఆ తర్వాత ఎవరొచ్చినా, "ముందల ఉమ్ము మింగి సూపించు," అనేవారు. మింగలేనివారిని, మాట మారినవారిని గుమ్మంలోంచే ఆసుపత్రికి తరిమేవారు.

ఇప్పుడావిడ లేరు. గొంతు నొప్పని గుమ్మం ఎక్కేవాళ్లూ అరుదే, ఫోన్లో చూసుకుని మాత్రలు తెప్పించుకుంటున్నారు. మింగి చూపించమని ఎదురుగా కూర్చుని అడిగే మనుషులు మాత్రం ఇళ్లల్లో తగ్గిపోయారు. నేను రోజూ తీర్థం ముందు మావారి చేతిలో పోస్తాను. అది ఆయన గొంతు దిగడం చూశాకే నేను పుచ్చుకుంటాను.