గంట విప్పి కట్టిన జీపీఎస్

నా కళ్లతో చూసిందే చెబుతున్నాను. నమ్మకపోతే మానండి, నాకేం నష్టం లేదు. మా ఆవు కెంపిని అడుగుదామంటే దానికి నోరు లేదు...

మాది జవళగిరి అడవి అంచు పల్లె. అల్లుడు మంజునాథ్‌కు హోసూరు ఫ్యాక్టరీలో పని. సెలవు దొరికితే రాయకోట కొండలెక్కుతాడు. అందుకని చేతిలో పట్టుకునే జీపీఎస్ ఒకటి కొన్నాడు. వానకు తడిసినా చెడదట. ఫోనుకు సిగ్నల్ లేనిచోట కూడా ఉపగ్రహాలను పట్టి, ఎక్కడున్నామో చెబుతుందట. నడిచిన దారంతా గీతలా గీసి పెడుతుందట.

ఇంకేం కావాలి అనుకున్నాను. కెంపి నిండు చూలు. మేతకు పోయి ఎక్కడ ఈనుతుందో తెలియదు. సెలవుకు మా ఇంటికొచ్చిన అల్లుడు నిద్ర లేవకముందే దాని మెడలో గంట విప్పేసి, ఆ తాడుకే జీపీఎస్ కట్టి తోలాను.

పొద్దు గూకింది. మంద వచ్చింది. కెంపి రాలేదు.

ఆవు ఎక్కడుందో ఫోనులో చూడమని అల్లుణ్ణి అడిగాను. సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఆ జీపీఎస్ యాడుందో దానికే తెలుస్తుంది మామా. మనకు చెప్పదు."

"మరి దాన్ని ఎందుకప్పా కొన్నావు?"

"నేను దారి తప్పకుండా. మీ ఆవు కోసం కాదు."

గంట ఉంటే చప్పుడైనా వినిపించేది. అదీ నేనే విప్పాను. ఏనుగులు దిగే కాలం... టార్చి తీసుకుని ఇద్దరం పరుగెత్తాం.

మంచు కమ్మింది. టార్చి వెలుగు బారెడు దూరం దాటడం లేదు. కెంపీ... కెంపీ... పిలిచి పిలిచి గొంతు పోయింది.

అప్పుడు కనిపించింది. ముందర... పొదల అవతల... చిన్న తెల్లటి వెలుగు. ఏ కొమ్మో తగిలి మీట నొక్కుకుని ఉంటుంది, అది జీపీఎస్ తెరే అన్నాడు అల్లుడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అది కదిలింది. మేమూ కదిలాం. మేం ఆగితే అదీ ఆగింది. ఆకు చప్పుడు లేదు. గిట్టల చప్పుడు లేదు. అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి వేళ్లు చల్లగా ఉన్నాయి.

"మామా... ఆవు మెడ అంత ఎత్తుంటుందా?"

ఆ వెలుగు... సరిగ్గా నా ముఖం ఎత్తులో ఉంది.

కాలిబాట వదిలి ఎడమకు తిరిగింది. వెంట పోయాం. మేం వదిలిన బాట వైపే వెదురు ఫెళఫెళ విరిగింది. ఏనుగులు. టార్చి ఆర్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం... చప్పుడు మెల్లగా దూరమైంది. వెలుగూ ఆరిపోయింది.

టార్చి వేస్తే... కెంపి. బండ వారగా పడుకుని నెమరు వేస్తోంది. పక్కన దూడ. ఒళ్లంతా తడి ఆరిపోయి ఉంది. నేను కూలబడిపోయాను. ఏడ్చాను కూడా.

జీపీఎస్ మెడతాడుకు అలాగే ఉంది. తెర చీకటిగా ఉంది. మీట నొక్కితే తప్ప వెలగదట. అల్లుడు నొక్కి గీత చూశాడు. చాలాసేపు చూశాడు.

"మధ్యాహ్నం నుంచి ఇది ఈడనే ఉంది మామా. అడుగు కదల్లేదు."

దూడను చూసినా తెలుస్తోంది, ఈని ఎంతో సేపయిందని. మరి మా ముందు నడిచింది ఏది? చెట్ల కింద ఉపగ్రహం అందక గీత తప్పి ఉంటుందని అల్లుడు ఇప్పటికీ అంటాడు. అనేటప్పుడు నా వైపు చూడడు. మా ఆవిడ దేవుడంటుంది. నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పను.

ఆ రాత్రి దూడను భుజాన వేసుకున్నాక మాత్రం చీకటి వైపు తిరిగాను.

"మంచిదప్పా. పోయి వస్తాము" అన్నాను.

అల్లుడు నవ్వలేదు.