అక్క పైన, నేను కింద

మా అక్క అచ్చుతప్పు కనిపిస్తే ఊరుకునే రకం కాదు. మందుసీసా మీది చీటీని కూడా పెన్ను పెట్టి దిద్దేస్తుంది. మేడ కింద మా చిన్న ప్రింటింగ్ షాపులో నేను టైపు కొడితే, పక్క కుర్చీలో కూర్చుని ప్రూఫులు చూసేది తనే. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కాకపోతే ముందు వినపడేది నోరే.

అలాంటి మనిషి మెట్ల మీద జారి, కాలు విరగ్గొట్టుకుని, మేడ మీద మంచానికి అతుక్కుపోయింది. "నా కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. పనేమో ఆగదు. ఆ ఉద్యోగం అడగడానికి సాయంత్రం ఒకమ్మాయి వస్తానంది కూడా. పేజీ పేజీకీ పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కుదామంటే కౌంటర్ వదలలేను.

మా ఇంట్లో ఇంటర్నెట్టూ లేదు, రూటరూ లేదు. అవేవీ లేకుండానే రెండు లాప్‌టాప్‌లను వైఫైతో నేరుగా కలపొచ్చని రిపేరు షాపతను చెప్పాడు. అతను చెప్పినదాంట్లో, నెట్‌వర్క్‌కి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉండాలన్నది మాత్రం మా తలకెక్కింది. ఫోన్లు చెవిన పెట్టుకుని మొదలుపెట్టాం.

"పెట్టావా?" అంది అక్క.

"పెట్టాను. నువ్వు?"

"ఎప్పుడో పెట్టా. నీ జాడే లేదు."

తీసేసి మళ్లీ పెట్టాం. మధ్యాహ్నం దాకా అదే తంతు. అక్క నా తెలివిని తిట్టింది, నేను తన లాప్‌టాప్‌ని తిట్టాను.

చివరికి విసుగొచ్చి, "నీ తెర మీద ఏముందో పొల్లుపోకుండా చదువక్కా" అన్నాను.

"నెట్‌వర్క్ సిద్ధం. ఇతరుల కోసం ఎదురుచూస్తోంది."

నా తెర మీదా అదే ఉంది. నవ్వాగలేదు నాకు. ఒకరు నెట్‌వర్క్ పెడితే రెండోవాళ్లు అందులో చేరాలి. మేమేమో ఎవరికి వాళ్లం తలుపు తీసుకుని, అవతలి మనిషి రాలేదని అలిగి కూర్చున్నాం. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి వరసా ఇంతే.

"పెద్దదాన్ని నేను. నువ్వే రా" అంది.

"షాపు ఇక్కడుందక్కా. నువ్వే రావాలి."

అక్క గొంతు తగ్గించి, "నేను కావాలా ఇంకా?" అంది.

"పొద్దున్నుంచీ రమ్మనే కదా చస్తున్నాను."

తనది మూసేసి నాదాంట్లో చేరింది. పేజీ పంపాను. ఒళ్లంతా ఎర్ర గుర్తులతో తిరిగొచ్చింది, చివర "ఒత్తులు ఏం చేశావే, తినేశావా" అన్న తిట్టుతో సహా. అంత హాయైన తిట్టు నేనెప్పుడూ తినలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. "ఖాళీ లేదమ్మా, మా అక్క పనిలోనే ఉంది" అని చెప్పాను, మేడ మీదికి వినపడేలా.