బెత్తెడు తక్కువ వైరు

ఒక మూరెడు వైరు ఎంత బరువుంటాది? తక్కెట్లో వేస్తే ముల్లు కూడా కదలదు. నేను దాన్ని పదేళ్లకు పైగా మోస్తుండాను.

మీకు నా పేరు అక్కర్లేదు. ఉదయగిరిలో మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. అంతకంటే బాగా కోతలు కోసేవాణ్ణి. ఆత్మకూరు నుంచి అనంతసాగరం దాకా వట్టి పెట్రోలు వాసనతో బండి నడిపినానంటే టీ అంగట్లో సగంమంది నమ్మినారు. ఇది మాత్రం కోత కాదు. కోత అయితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మస్తాన్ నా స్నేహితుడు. బావా అని పిలుచుకునేవాళ్లం. వాళ్ల నాయన చెక్కతో స్పూన్లు చెక్కేవాడు. నాకాయన మామ. ఆయన చేతి స్పూను పట్టుకుంటే పిట్ట ఈక పట్టుకున్నట్టుండేది. వాటిని మస్తాన్ ఒక పాత మోటారు సైకిలు మీద ఆత్మకూరు సంతకు తీసుకుపోయేవాడు. ఆ బండి పొద్దున్నే లేవాలంటే కిక్ కొట్టి కొట్టి కాలు వాచేది. దాని జబ్బు నాకు తెలుసు. బ్యాటరీలో కరెంటు ఉండాది. తాళం స్విచ్చీ, చిలుం పట్టిన పాత వైర్లూ దాటుకుని, నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కు చేరేసరికి అది నీరసపడిపోతుండాది. మందూ తెలుసు. పాత కారులోంచి పీకిన హారన్ రిలే, చిన్న కరెంటు తగిలితే పెద్ద కరెంటును వదిలే డబ్బీ, ఒకటి ట్యాంకు కింద బిగించినాను. బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా దానికిచ్చి, దాన్నుంచి కాయిల్‌కు ఇచ్చినాను. పాత వైరుకు ఇక బరువు మోసే పని లేదు, రిలేను తట్టి లేపితే చాలు. ఒక్క కిక్కుకే బండి అందుకునింది. మస్తాన్ నన్ను కావిలించుకున్నాడు.

అక్కడితో ఆగుంటే?

ఆగలేదు. ఆత్మకూరు దోవలో ఊరి బయట గుట్ట మలుపులో బండ్లు వాటంతటవే ఆగిపోతాయనీ, అక్కడ ఏదో ఉండాదనీ అంతకుముందే నేనొక కోత కోసుండాను. అందరికంటే పెద్దగా నవ్వింది మస్తానే. "ఆడ ఉండేది దెయ్యం కాదు బావా, నీ నోరే" అన్నాడు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది. రిలేకు ఎర్త్ వైరు కావాలి. అది ఊడితే రిలే పడిపోతాది, ఇంజను చచ్చిపోతాది. దాన్ని ఫ్రేముకు గట్టిగా బిగించాల. నేను హెడ్‌లైటు దాకా లాగి, బెత్తెడు పొట్టిగా, వదులు స్క్రూ కింద ఊరికే ఇరికించినాను. హ్యాండిలు నేరుగా ఉంటే ఏమీ కాదు. ఆ మలుపులో తిప్పినంత బాగా తిప్పితే మాత్రం హెడ్‌లైటు కూడా తిరిగి వైరు బిగుసుకుని ఊడొస్తాది. సంతరోజు ముందుగానే పోయి, మలుపులో బండ వెనక దాక్కుని కడుపారా నవ్వుదామని నా ఆలోచన.

సంత ముందు రోజు పొద్దున మస్తాన్ బండి నా అంగడి ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. వెనక మామ. పడిపోకుండా తువ్వాలతో కొడుకు నడుముకు కట్టుండారు. మూతి ఒక పక్కకు పోయుండాది.

"అబ్బాకు చెయ్యి పడిపోయింది బావా. ఆత్మకూరు ఆసుపత్రికి పోతుండా. బండి మధ్యలో ఆగదుగదా?"

స్క్రూడ్రైవరు నా చేతిలోనే ఉండాది. ఆ వైరు తీసి సరిగా బిగించడానికి బీడీ ముట్టించినంత సేపు చాలు. టీ అంగట్లో వాళ్లంతా చూస్తుండారు.

"ఆగదు. రిలే పెట్టినాగదా. పో."

పోయినాడు.

ఎందుకన్నాను ఆ మాట? చెయ్యి పెడితే ఎందుకని అడుగుతారనా, అడిగితే ఊరంతా నన్ను చూసి నవ్వుతారనా, లేక ఏమవుతాదిలే, ఊడకపోవచ్చులే అని నాకు నేనే ఒక కోత కోసుకుని దాన్ని నేనే నమ్మేసినానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతుండాను.

మధ్యాహ్నం దాటేదాకా అంగట్లోనే ఉండి, ఇంక ఉండలేక సైకిలెక్కి తొక్కినాను. మలుపులో బండి ఒక్కటే నిలబడి ఉండాది. గొడ్లు మేపుకునే అవ్వ చెప్పింది. "శానాసేపు కిక్ కొట్టినాడు నాయనా. ముసలాయన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చినాడు. లారీ వచ్చేతలికి ఎండ నడినెత్తికొచ్చింది." వైరు వేలాడుతుండాది. అవ్వ అటు తిరగ్గానే ఫ్రేముకు బిగించేసినాను. చేతులు వణకలేదు. అదే నాకు ఎక్కువ అసహ్యం.

మామ బతికినాడు. కుడిచెయ్యి రాలేదు. "ఇంకొంచెం ముందొచ్చుంటే..." అని డాక్టరు సగంలో ఆపినాడంట. ముందుపోయినా వచ్చేది కాదేమో. ఆ 'ఏమో'ను పట్టుకుని బతకాలని చూసినాను. పోయేదాకా మామ పొద్దున్నే ఎడమచేత్తో చెక్క తీసి, కాసేపు నిమిరి, మళ్లీ కింద పెట్టేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చి మస్తాన్ నాతో ఏమన్నాడో తెలుసా? "నువ్వు చెప్పింది నిజమే బావా. ఆ మలుపు మంచిది కాదు. నేను నవ్వినందుకే ఇట్టయింది." నేను తల ఊపినాను. అవును, ఊపినాను.

ఇప్పుడు లారీలవాళ్లు అక్కడ నిమ్మకాయలు తొక్కించి పోతుండారు. మస్తాన్ అయితే ఇంజను ఆపి, దిగి, మలుపు దాటేదాకా బండిని నెట్టుకుంటా నడుస్తాడు. మొన్న నేనూ వెనక ఉండాను. దిగి తోసినాను. చెమటలు కారుతుంటే వెనక్కి తిరిగి నవ్వినాడు. "నువ్వు చెప్పకుంటే మాకెట్ట తెలిసేది బావా?"

అప్పుడూ చెప్పలేదు. మీకు చెప్తుండాను. ఆ మలుపులో ఏమీ లేదు. వైరు కట్టింది నేను. పొట్టిగా ఉండాదని తెలిసే పొమ్మన్నాను.