కొసరు బ్రిడ్జి

మాచర్ల బజారులో కిరాణా కొట్టు నడిపే పున్నారావుకు ఒకటే జబ్బు: కొసరు. ఏ సరుకు కొన్నా పైన చిటికెడు రాలందే కాలు కదపడు. గుంటూరు నుంచి వచ్చే ప్యాసింజరు నడికుడిలో ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే, పెట్టెలో కూర్చున్న సన్నాయి ఖాసింకి ముందు ఆ జబ్బు వినబడింది, తరవాత మనిషి కనబడ్డాడు.

"రేగ్గాయలు దోసెడు పోశావు, బానే ఉంది. కొసరేదమ్మా?"

"ఏసినా గదయ్యా నాలుగు!"

"అది కొసరు. కొసరుకు కొసరు?"

గెలిచి, ఒడినిండా కాయలతో వచ్చి ఖాసిం పక్కనే చతికిలబడ్డాడు. "ఏందిరా, మూతికి ఆ తువ్వాలేంది? ఏ ఇంటికి కన్నమేసొస్తన్నావు?"

ఖాసిం తువ్వాలు తీశాడు. పైవరసలో ముందు పళ్ళు రెండూ లేవు. పోయిన నెల పెళ్ళివారి ట్రాక్టరు గుంతలో పడితే, చేతిలో ఉన్న సన్నాయే ఎగిరొచ్చి మూతికి తగిలింది. గుంటూరు డాక్టరు చూసి, అటూ ఇటూ పళ్ళను ఆసరా చేసి బ్రిడ్జి కట్టాలన్నాడట.

"ఆయన చెప్పిన రేటుకి కృష్ణ మీదే కట్టొచ్చు బాబాయ్. పళ్ళు లేకపోతే పెదవి నిలవదు, పెదవి నిలవందే సన్నాయి పీక పలకదు. చెన్నకేశవుడి తిరునాళ్ళకి మా తాత కాణ్ణించీ మేమేగా వాయించేది. ఈ ఏడు ఇంకోళ్ళని పిలుస్తారంట."

మేళగాళ్ళు పళ్ళకని చందా పోగుచేసిస్తే మొహాన కొట్టి పంపిన మనిషి ఖాసిం. అది ఊరందరికీ తెలుసు. పున్నారావు మూడు రేగ్గాయలు తిని, గింజలు కిటికీలోంచి ఊశాడు.

"నాకూ దవడ పన్ను ఊడిందిరా. బ్రిడ్జికి నేపాలు పోతన్నా. తోడు రా."

"నేపాలా!"

"మన బజారు గూర్ఖా మేనమామ బీర్‌గంజిలో పళ్ళ డాక్టరంట. ఫారిన్ పన్ను, మన పన్ను కన్నా చానా చవక. నాకు హిందీ రాదు, నీకొచ్చు. దారిఖర్చు నాది."

గూర్ఖా మాట ఉత్తది కాదు. నెలనెలా డబ్బులకు వచ్చినప్పుడల్లా తన కొట్టు ముందు ఒక ఈల కొసరు వేయించుకుంటాడు పున్నారావు. ఆ ఈల దగ్గర పుట్టిన స్నేహమే అది.

మూడు రైళ్ళు మారి, బీహారు చివర రక్సౌల్లో దిగారు. ఎముకలు కొరికే చలి. గుర్రబ్బండి మీద సరిహద్దు దాటుతూ, "దేశం దాటించావు, ఇంకో నాలుగడుగులు కొసరు తోలు" అని పున్నారావు తెలుగులో అడిగితే బండివాడు తోలాడు. ఊరికో భాష గాని, బేరానికి లోకమంతా ఒకటే భాష.

డాక్టరు గుమ్మంలో మాత్రం పున్నారావు ఖాసింని ఆపేశాడు. "నువ్విక్కడ కూర్చో."

"హిందీకేగా నన్ను తెచ్చింది?"

"దారికి. బేరానికి భాష అడ్డంరా. మన మాట అర్థమైందంటే రేటు పెంచుతారు."

గంటకు దవడకు గుడ్డ కట్టుకుని, కళ్ళు మెరుస్తూ బయటికొచ్చాడు. "కుదిరింది! నాకొకటి కడితే కొసరుగా నీకొకటి కడతాడు. లోపలికి పో. కొసరు మాట మాత్రం ఎత్తమాక, గుర్తొస్తే మానుకుంటాడు."

ఇంకెవరు చెప్పినా ఖాసిం నమ్మేవాడు కాదు. చెప్పింది పున్నారావు. తాటికాయంత వస్తువు మీద కొబ్బరికాయంత కొసరు లాగగల మనిషి. వారం రోజులు కొలతలు, అరగదీతలు. పున్నారావు దవడ గుడ్డ విప్పలేదు, ధర్మసత్రంలో గంజి తప్ప ముట్టలేదు. ఎనిమిదోనాడు ఖాసిం అద్దం చూసుకుని, పీక నోట పెట్టి ఊదాడు. పలికింది.

చైత్రంలో తేరు కదిలింది. ఖాసిం సన్నాయి ఊరంతా వినబడింది. వాయింపు ఆపి చెమట తుడుచుకుంటుంటే పున్నారావు భార్య సుశీల ఎదురైంది.

"పిన్నీ, బాబాయి బ్రిడ్జి ఎట్టా ఉంది?"

"ఏం బ్రిడ్జిరా? ఆయనకి ముప్పై రెండూ ఉన్నయ్యి. పొద్దునే కొబ్బరికాయ పీచు పళ్ళతో పీకాడు. ఆ నేపాల్లో ఏదో ఏట్లో వేలి ఉంగరం మాత్రం పోగొట్టుకొచ్చాడు, మా అయ్య పెట్టింది!"

ఆ ఉంగరం ఏ వంతెన కింద పడిందో ఖాసింకి తెలిసిపోయింది. నాలుక అప్రయత్నంగా ముందు పళ్ళను తడిమింది. కొసరు ఇప్పించినోడు అసలు కొననే లేదు మహానుభావుడు. బతుకంతా కొసరడిగిన పరువును అడ్డం పెట్టి, వద్దనడానికి వీల్లేకుండా పళ్ళు పెట్టించాడు.

తేరు చక్రం పక్కన పున్నారావును దొరకబుచ్చుకున్నాడు. "బాబాయ్, ఒకసారి నోరు తెరువు."

పున్నారావు మూతి బిగించాడు.

"తెరువు బాబాయ్. దవడ పన్ను చూడాలి."

తల అడ్డంగా ఊపాడు. ఖాసిం నవ్వాడు, రెండు పళ్ళూ ఎండలో తళుక్కుమన్నాయి. పున్నారావు వాటిని కాసేపు తేరిపార చూశాడు. ఆ తరవాత రెండు చేతులా నోరు మూసుకుని, జనంలోంచి భుజాలతో దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు.